ఆ ఒక్క మాట తప్ప

రాయలంక, భీమవరం తాలూకా
ఖర నామ సంవత్సరం (1891), భాద్రపద శుద్ధ ద్వాదశి

చిరంజీవి తమ్ముడు జగపతిరాజుకి అక్క లక్ష్మీనరసమ్మ దీవెనలతో రాసేది.

నువ్వు పీఠాపురం నుంచి పంపిన కుక్కుటేశ్వరస్వామి విభూతి అందింది. నాన్నగారు మనిద్దరినీ ఒకే పలక ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించబట్టి ఈ సంగతి నేనే రాసుకోగలుగుతున్నాను. లేకపోతే మీ బావగారు పోయాక ఈ ఇంట్లో ఎవరిచేత రాయించేదాన్నో తెలియదు.

సుభద్ర పోయి మూడు నెలలు దాటింది. పురిటికని పుట్టింటికి వచ్చిన పిల్ల బిడ్డతో సహా ఈ ఇంటినుంచే వెళ్ళిపోయింది. అదంతా నువ్వు వచ్చి చూసిందే. చెప్పబోయేది వేరు. దేవుడి గదిలో దీపం పెట్టడం మానేశాను.

కోపంతో కాదు. కోపం వస్తే బాగుండేదేమో. దానికి నొప్పులు వస్తున్నప్పుడు నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అది పోయాక వాళ్ళని తిడదామని గదిలో కూర్చున్నాను. తిట్టు రాలేదు. తిట్టాలన్నా అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా. అక్కడున్నవి ఇత్తడి బొమ్మలు. తోమితే మెరుస్తాయి, తోమకపోతే చిలుం పడతాయి. ఇన్నేళ్ళూ నేను మాట్లాడింది వీటితోనా అనిపించింది. మర్నాడు దీపం పెట్టలేదు. ఏమీ కాలేదు. ఆ మర్నాడూ పెట్టలేదు.

తింటున్నాను, పడుకుంటున్నాను. మొన్న పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయానట. ఇంటిపనికి వచ్చే బుల్లెమ్మ తన వాటా తింటూ చెబితేగానీ తెలియలేదు. నేను అప్పటికే తినేశాను.

ఇవి నీతో తప్ప ఎవరితోనూ అనలేను. ఊళ్ళో ఆడవాళ్ళకి నేను ఇంకా పెద్ద భక్తురాలినే.

మరదలికి నడుంనొప్పి తగ్గిందా? వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయించు. నీ కూతురు, నా మేనకోడలు సుబ్బాయమ్మకి సంబంధాలు చూస్తానన్నావు, ఎంతవరకు వచ్చింది?

నీ మంచి కోరే అక్క,
లక్ష్మీనరసమ్మ


పీఠాపురం
భాద్రపద బహుళ పంచమి

పూజ్యులైన అక్కయ్యగారి పాదాలకు తమ్ముడు జగపతిరాజు నమస్కరించి చేసుకునే విన్నపం.

మీ ఉత్తరం ఎస్టేటు కచేరీలో ఉండగా అందింది. దీపం మానేశాను అన్న మాట దగ్గర ఆగిపోయానండి. ఆ మాట ఎవరంటారు? బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్ళు అంటారు. ఆ పూట దస్త్రాలు కట్టేసి ఇంటికి వచ్చేశాను. మీ మరదలు చదివించుకుని ఒకటే ఏడుపు.

అక్కయ్యా, మీరు ఏ అఘాయిత్యమూ తలపెట్టకండి. మీ ఊరి వైపు వెళ్ళే పడవవాళ్ళతో బుల్లెమ్మకి కబురు పంపాను. మిమ్మల్ని బావి దగ్గరికి ఒంటరిగా వెళ్ళనివ్వద్దని, రాత్రిళ్ళు మీ గుమ్మం దగ్గరే పడుకోమని. ఏమీ అనుకోకండి.

దేవుడు లేడని మీరు అనలేదు కదా. మనసు బాగాలేక కనపడటం లేదన్నారు, అంతే. ఈ ఊళ్ళో పాదగయ ఉండనే ఉంది. గయకి వెళ్ళలేనివాళ్ళంతా ఇక్కడికే వచ్చి కోనేటి గట్టున పిండాలు వేసుకుపోతున్నారు. సుభద్ర పేర కూడా వేయిద్దాం. అల్లుడుగారే రావాలి, నిజమే. కార్తీకంలో ఆయనకి మళ్ళీ పెళ్ళట. అయినా రాసి అడిగాను. ఆయన వస్తే సరి, రాకపోతే నేనే ఏదో ఒక దారి చూస్తాను. మీరు బయలుదేరి రండి. నెల్లాళ్ళు ఇక్కడుంటే మనసు కుదుటపడుతుంది.

సుబ్బాయమ్మకి తుని దగ్గర నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు. ఇల్లు మాత్రం ఆచారం గట్టిగా పట్టించుకునే ఇల్లు. అది మంచిదేగా.

వెంటనే జవాబు రాయండి. రెండు ముక్కలైనా చాలు.

మీ పాదధూళి తలదాల్చే తమ్ముడు,
జగపతిరాజు


రాయలంక
ఆశ్వయుజ బహుళ తదియ

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నేను చావను. అలాంటి ఆలోచన లేదు. చావాలన్నా ఏదో ఒకటి కావాలని ఉండాలి కదా. నీ పుణ్యమా అని బుల్లెమ్మ నన్ను నీళ్ళు తోడుకోనివ్వడం లేదు. పెరట్లోకి వెళ్ళినా వెనకాలే వచ్చి నిలబడుతోంది. నవ్వు రావలసిన సంగతే. రాలేదు.

నువ్వు అంతగా రాశావు కదా అని దసరా రోజులన్నీ మళ్ళీ దీపం పెట్టాను. పూలు కోసి, బొమ్మలు తోమి, చిన్నప్పుడు అమ్మ నేర్పిన శ్లోకాలన్నీ చదివాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, అక్కడ చెవిటివాడు కూడా లేడు, తమ్ముడూ. పండగ వెళ్ళాక మానేశాను. ఇక నన్ను పెట్టమనకు. ఇష్టం లేక కాదు. లేనిదాన్ని ఉన్నట్టు నటిస్తే, నేనూ లేనట్టే అనిపిస్తుంది.

ఇక్కడ ఒక కొత్త మనిషి వస్తోంది. రూతు అని, మిషను బడిలో చదువుకున్న మనిషి. ఊరి బయటి పేటలోనే పుట్టి పెరిగింది. ఆడవాళ్ళకి చదువు చెబుతానని ఇళ్ళకి తిరుగుతోంది. మా వీధి అరుగు కింది మెట్టు మీద కూర్చుంటుంది, నేను గుమ్మంలో కూర్చుంటాను. మొదటిరోజు, "అమ్మగారండి, కూతురుగారి సంగతి విన్నానండి. ఏడిస్తే బరువు దిగుతుందండి" అంది.

"రావడం లేదమ్మా" అన్నాను.

"అయితే ఊరికే కూర్చుంటానండి" అని కూర్చుంది. నేను చింతపండు గింజలు తీస్తూ ఉన్నాను. పొద్దు వాలేదాకా కూర్చుని వెళ్ళింది.

ఇంకోరోజు యేసుప్రభువు గురించి చెప్పమంటారా అని అడిగింది. "మా ఇంటి దేవుళ్ళకే నాలో చోటు లేదు, మీ ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టను?" అన్నాను. మొహం చిన్నబోయింది. ఇక రాదనుకున్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మనిషి వస్తే బాగుంటుంది. బాగుంటుంది అన్న మాట నా నోట వచ్చి చాలాకాలమైంది, అందుకే నీకు రాస్తున్నాను.

పీఠాపురానికి ఇప్పుడు రాలేను. కోతల పని ముందుంది. తుని సంబంధం ఖాయమైతే సుబ్బాయమ్మకి అమ్మ కాసులపేరు నేనిస్తాను.

నీ అక్క,
లక్ష్మీనరసమ్మ


పీఠాపురం
ఆశ్వయుజ బహుళ త్రయోదశి

అక్కయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అయితే సంగతి ఇదన్నమాట. దీపం ఎందుకు ఆగిందో, పాదగయకి ఎందుకు రానంటున్నారో నాకు ఇప్పుడు తెలిసింది. దుఃఖంలో ఉన్న ఇంటిని చూసుకుని వస్తారండి ఆ మిషనువాళ్ళు. మొదట ఊరికే కూర్చుంటారు. తరవాత పుస్తకం తీస్తారు. మా కచేరీలో ఒక గుమాస్తాగారి తమ్ముడు ఇలాగే వాళ్ళ మతంలో కలిసిపోయాడు. ఆ తల్లి ఇప్పటికీ వాడి కంచం విడిగా బోర్లించి ఉంచుతుంది.

ఆమెను రావద్దని చెప్పండి. మీకు నోరు రాకపోతే బుల్లెమ్మచేత చెప్పించండి. నేను మిమ్మల్ని శాసించేవాణ్ణి కాదు, మీ చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ణి. సుబ్బాయమ్మ మొహం చూసైనా నా మాట వినండి. తుని వాళ్ళు మాఘంలో లగ్నం పెట్టుకుందామంటున్నారు. మన బంధువర్గం అంతటి గురించీ ఆరా తీస్తున్నారు.

తమ్ముడు,
జగపతిరాజు


రాయలంక
కార్తీక శుద్ధ పంచమి

తమ్ముడూ, ఈ సంగతి నీకు ఎవరో చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను.

నిన్న పొద్దుటినుంచి ముసురు. సుభద్రకి పురుడు పోసిన మంత్రసాని సూరమ్మ వచ్చి నా మోకాళ్ళకి ఆముదం రాస్తోంది. మధ్యాహ్నం వేళ పెరటి గుమ్మంలో రూతు వచ్చి నిలబడింది. ఎప్పుడూ వీధి మెట్టు దాటి రాని మనిషి. తడిసి ముద్దయి ఉంది.

"సూరమ్మగారండి, మా మరదలు సంపూర్ణమ్మకి నిన్నటినుంచి నొప్పులండి. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. మా ముసలమ్మ చేతకాదని వదిలేసిందండి. ఒక్కసారి రండి" అంది. ఆ సంపూర్ణమ్మ మొగుడు ఏసురాజు మన చేలోనే పనిచేస్తాడు.

సూరమ్మ చెయ్యి ఆపలేదు. "పేటలో కాలు పెడితే రేపటినుంచి నన్ను ఏ గడపా ఎక్కనివ్వరు. అప్పుడు నా పిల్లలకి కూడు నువ్వు పెడతావా రూతూ?" అంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు.

రూతు నా వైపు చూడలేదు. నన్ను ఏమీ అడగలేదు. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. వెనక్కి తిరిగి వానలోకి వెళ్ళిపోయింది. నేను లేచాను.

ఎందుకు లేచావంటే చెప్పలేను. జాలి వేసిందంటే అబద్ధం, జాలిలాంటిదేదీ నాలో కదలలేదు. దేవుడు చెప్పాడనుకోవడానికి నాకు దేవుడు లేడు. గట్టు మీద నడుస్తున్నానని కాళ్ళకి బురద తగిలాక తెలిసింది. బుల్లెమ్మ వెనకనుంచి కేకలు పెడుతోంది. కాపరానికి వచ్చాక ఆ పేటని పల్లకీ తెర సందులోంచి తప్ప నేను చూడలేదు.

గుడిసెలో సంపూర్ణమ్మ గుంజ పట్టుకుని వేలాడుతోంది. చిన్నపిల్ల, సుభద్ర ఈడు. నాకేం తెలుసు? ఏమీ తెలియదు. వెనక కూర్చుని, చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి నా గుండెకి ఆనించుకున్నాను. సుభద్రనీ అలాగే పట్టుకున్నాను కదా, నా చేతులకి ఆ ఒక్క పనే తెలుసు. ఆ పిల్ల తల నా భుజం మీద పడేసి, నొప్పి వచ్చినప్పుడల్లా నా మోచెయ్యి నలిపేసింది.

కాసేపటికి గుమ్మంలో సూరమ్మ తల కనిపించింది. "అమ్మగారే వచ్చాక నేను ఇంట్లో కూర్చుంటే నా మొహాన ఉమ్మెయ్యరూ?" అని గొణుక్కుంటూ లోపలికి వచ్చింది. బిడ్డని తిప్పింది, పైకి తీసింది అంతా సూరమ్మే. దీపాలవేళకి పురుడు వచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా దక్కారు.

ఆ సేపంతా నాకు సుభద్ర గుర్తురాలేదు. నేనే నాకు గుర్తులేను. ఒక మనిషి బరువు నా మీద ఉంది, అంతే. అది సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు. దానికి పేరేమిటో నాకు తెలియదు.

రూతు మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. లేచి, "మిమ్మల్ని ఆ దేవుడే పంపాడండి" అంది.

"ఎవరూ పంపలేదమ్మా. నేనే వచ్చాను" అన్నాను.

పురిటింటినుంచి వస్తూ తలస్నానం చెయ్యకుండా గడప తొక్కడం నాకు అలవాటు లేదు. నమ్మకం పోయినా అలవాట్లు పోవు. దారిలో కాలవలో దిగి మూడు మునకలు వేశాను. చీకటి పడుతోందని రూతు గట్టు మీద తోడు నిలబడింది. రేవులో ఒక పడవ ఆగి ఉంది, అందులోవాళ్ళు తొంగి చూశారు.

జరిగింది ఇది. నీకు కష్టం కలుగుతుందని తెలుసు.

అక్క


పీఠాపురం
కార్తీక శుద్ధ ఏకాదశి

అక్కయ్యగారికి.

మీ దగ్గరనుంచి ఉత్తరమేమీ లేదు. వచ్చినా ఇక ఏం రాస్తారు లెండి.

పెదనాన్నగారి మనవడు వీరవెంకటసత్యనారాయణరాజు నరసాపురం నుంచి వస్తూ మీ ఊరి రేవులో తన కళ్ళారా చూశాడట. మిషను మనిషి గట్టు మీద నిలబడి ఉండగా మిమ్మల్ని కాలవలో మూడుసార్లు ముంచారట. వాళ్ళు బాప్తిస్మం అలాగే ఇస్తారని ఇక్కడందరికీ తెలుసు. పెళ్ళివారి చెవినీ పడింది.

ఏకాదశి ఉపవాసం ఉండి రాస్తున్నాను. నాన్నగారు లేకపోవడమే మంచిదైంది. ఒక్కమాట నాతో చెప్పి చేయకూడదా? నేను వద్దంటానని కదూ చెప్పలేదు?

జగపతిరాజు


రాయలంక
కార్తీక బహుళ విదియ

తమ్ముడూ, నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురుపడి ఉంటాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. నన్ను ఎవరూ ముంచలేదు. నేనే మునిగాను, అమ్మ నేర్పిన మడికోసం మునిగాను. మన దేవుళ్ళు లేరని అన్నదాన్ని, వాళ్ళ దేవుడు ఉన్నాడని ఎలా అంటాను? ఆ ముక్క రూతుకి అర్థమైంది. నీకు అవ్వకపోవడమే వింతగా ఉంది.

ఉపవాసాలతో ఒళ్ళు పాడుచేసుకోకు. నీది పైత్యం ఒళ్ళు.

అక్క


పీఠాపురం
మార్గశిర శుద్ధ సప్తమి

పూజ్యులైన అక్కయ్యగారి పాదాలకు తమ్ముడు వేయి నమస్కారాలు.

రెండు ఉత్తరాలూ అందాయి. నేను తొందరపడి రాసిన మాటలు మరిచిపోండి. మీరు వాళ్ళలో కలవలేదని తెలిసి కుక్కుటేశ్వరుడికి అభిషేకం చేయించాను. మీ మరదలు ఆరోజు కడుపునిండా అన్నం తింది.

అయినా చిక్కు తీరలేదండి. పేటలోకి వెళ్ళారు, తాకారు, పురిటి మైల పడ్డారు. ఇవి మీరే రాశారు కాబట్టి నేను కాదనలేకపోయాను. తుని నుంచి పెద్దలు వచ్చారు. పిల్ల నచ్చిందట, మేనత్తగారి సంగతి తేలాలట. ఇక్కడి పురోహితుల్ని కూర్చోబెట్టి మాట్లాడాను. ప్రాయశ్చిత్తం ఉందన్నారు. మీరు వచ్చి పాదగయ కోనేట్లో స్నానం చేయాలి, పంచగవ్యం పుచ్చుకోవాలి, ఒకపూట ఉపవాసం. తరవాత పెద్దల ముందు "తెలియక తప్పు చేశాను, ఇక చేయను" అని మీ నోటితో అనాలి. అంతే. ఆ సాయంత్రమే లగ్నపత్రిక రాసుకుంటామన్నారు.

అక్కయ్యా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీకు నమ్మకం లేదన్నారు. నేను ఒప్పుకుంటాను. నమ్మకం లేనివారికి ఆ నీళ్ళు వట్టి నీళ్ళే, ఆ మాట వట్టి మాటే కదండి. మీకు పోయేదేముంది? నమ్మేవాళ్ళం మేము, మాకు అదే సర్వం. మా కోసం వట్టి మాట ఒకటి అనలేరా? సుబ్బాయమ్మని మీ చేతులమీద ఎత్తుకుని పెంచారు. దాని మెడలో తాళి ఈ ఒక్క మాట మీద ఆగి ఉంది.

పల్లకీ, మనుషుల్ని పంపనా? ఎప్పుడు పంపమంటారు?

మీ రాకకోసం కాచుకున్న తమ్ముడు,
జగపతిరాజు


రాయలంక
పుష్య శుద్ధ నవమి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. నా మౌనం చూసి నేను ఒప్పుకున్నాననుకుని పల్లకీ మాట్లాడేశావని బుల్లెమ్మకి వచ్చిన కబురు వల్ల తెలిసింది. మాట్లాడిన పల్లకీ ఆపించు. నేను ఒప్పుకోకపోలేదు, ఒప్పుకుందామనే ఇన్నాళ్ళూ చూశాను.

నీ మాట గట్టిది. నిజమే, నాకు అవి వట్టి నీళ్ళు. మునుగుతాను. పంచగవ్యం తాగుతాను. ఉపవాసం నాకో లెక్క కాదు. సుబ్బాయమ్మ కోసం ఇంకేం చెయ్యమన్నా చేస్తాను. ఇక ఆ ఒక్క మాటేగా అని బుల్లెమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని అని చూశాను. "తెలియక" అన్నాను. తరవాతి మాట రాలేదు. మంచినీళ్ళు తాగి మళ్ళీ అన్నాను. "తప్పు" దగ్గర ఆగిపోయాను. బుల్లెమ్మ, "వద్దులెండమ్మా, మొహం పాలిపోయింది" అంది. మర్నాడు ఒక్కదాన్నే కూర్చుని చూశాను. రాలేదు.

నాకే ఆశ్చర్యం వేసింది. దీపం ఆపడం నాకు బరువనిపించలేదు. దేవుడు లేడని నీకు రాసినప్పుడు అక్షరం వంకర పోలేదు. నాలో మిగిలిందేమీ లేదనుకున్నాను. ఉత్త గాదె అనుకున్నాను. ఇదొకటి అడుగున ఉంది. ఆ పిల్లని పట్టుకోవడం తప్పు కాదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఏ పురాణంలోనూ చదవలేదు, దీనివల్ల పుణ్యం వస్తుందనీ అనుకోవడం లేదు. కానీ ఇది అబద్ధమని నా నోటితో అంటే, సుభద్రని పట్టుకున్న చేతులు కూడా అబద్ధమైపోతాయి. అక్కడ నాకు చేతులు తప్ప ఇంకేమీ లేవు, తమ్ముడూ.

నీకు దేవుడి గదిలో ఉండేది ఇలాంటిదే అయితే, ఇన్నాళ్ళకి నిన్ను నేను అర్థం చేసుకున్నాను.

సుబ్బాయమ్మ పెళ్ళి ఆగకూడదు. నాకు ఒక దారి కనిపించింది. వెలి అయినవాళ్ళకి బతికుండగానే కర్మ చేసే పద్ధతి ఉందిగా, ఘటశ్రాద్ధం. మనిషి పేర కుండలో నీళ్ళు పోసి, ఆ కుండ పగలగొట్టి, ఇక మాకు ఈ మనిషి లేదని నీళ్ళు వదిలేస్తారు. నా పేర అది చేసెయ్యి. మీకు మేనత్త లేదు, మైలా లేదు. తుని వాళ్ళు ఇక అనడానికేమీ ఉండదు. నొచ్చుకుంటానని అనుకోకు. నువ్వన్నదే నీకు చెబుతున్నాను, నాకు అది వట్టి కుండ.

కాసులపేరు ఏసురాజు చేత పంపుతున్నాను. చనిపోయిన మేనత్త ఇచ్చిందని చెప్పి పెట్టండి, తప్పు లేదు.

అక్క


పీఠాపురం
ఫాల్గుణ శుద్ధ అష్టమి

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. పాదాలకు నమస్కారమని రాయబోయి ఆగిపోయాను. ఎందుకో కింద రాస్తాను.

పెళ్ళి జరిగిపోయింది. మాఘ బహుళంలో. అంతా సవ్యంగా జరిగింది, ఎవరూ నోరెత్తలేదు. పెళ్ళివారు మంచివాళ్ళేనండి, నేను అనుకున్నంత కఠినులు కారు. సుబ్బాయమ్మకి ఏమీ చెప్పలేదు. మీకు జ్వరమన్నాను. అప్పగింతలప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అత్తయ్యకి తగ్గాక నన్ను తీసుకెళతారా నాన్నా? కాసులపేరు పెట్టుకుని చూపించాలి" అంది. తీసుకెళతానన్నాను. అబద్ధం.

అంతకు ముందు జరిగింది చెప్పాలి. వట్టి కుండ అన్నారు మీరు. ఆ ఉత్తరం వచ్చాక నేను పది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మీ మరదలు వద్దే వద్దంది. తుని నుంచి మనిషి వచ్చి కూర్చున్నాడు. చివరికి పాదగయ కోనేటి గట్టుకి వెళ్ళాను. పురోహితుడు కుండ నిండా నీళ్ళు పోసి, మీ పేరూ మీ గోత్రమూ చెప్పి నా ముందు పెట్టాడు. చేత్తో పగలగొట్టమంటాడనుకున్నాను. "ఎడమ కాలితో తన్నండి" అన్నాడు. నేను కదలలేదు. "బాబుగారూ, ముహూర్తం" అన్నాడు.

తన్నాను, అక్కయ్యా. ఒక్క తాపుకి పగల్లేదు. రెండోసారి తన్నాను. పెంకు గుచ్చుకుని అరికాలు తెగింది. నీళ్ళు మెట్లమీదనుంచి కోనేట్లోకి పోయాయి. ఇక చూడకుండా వెళ్ళిపోవాలన్నారు. నేను చూశాను.

మీకు అది వట్టి కుండే కావచ్చు. నేను నమ్ముతాను. నమ్మేవాడికి అది నిజమే అవుతుంది. మా అక్కయ్య పోయింది, నేనే సాగనంపాను. ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకున్నాను. ఆరోజునుంచి సంధ్యవేళ గదిలో కూర్చుంటే మంత్రం నోట్లో తిరుగుతోంది గానీ నాకు ఏమీ తోచడం లేదు. మీరు రాసిన ఇత్తడి బొమ్మల సంగతి గుర్తొస్తోంది. నమ్మకం పోలేదండి. ఉంది. దాన్ని నా చేతులారా నొప్పించానని భయంగా ఉంది.

పోయినవాళ్ళకి ఉత్తరం రాయకూడదు. ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. తెలిసే రాస్తున్నాను. ఒక్క ముక్క రాయండి. ఉన్నారా?

వేసవికి కాలవల్లో నీళ్ళు కట్టేసేలోగా ఎస్టేటు పనిమీద నరసాపురం వెళ్ళాలి. పడవ మీ ఊరి మీదుగానే వెళుతుంది. దిగకూడదు. దిగను. ఆ దారిన వెళుతున్నానని చెప్పాలనిపించింది, అంతే.

జగపతిరాజు


రాయలంక
ఫాల్గుణ బహుళ పాడ్యమి

తమ్ముడూ, ఉన్నాను.

నీ దగ్గర నేను తప్పు చేశాను. నాకు వట్టి కుండ కదా అని నీ చేత తన్నించాను. నీకు అది ఏమవుతుందో ఆలోచించలేదు. నాలో ఏదీ కదలక, ఎదటివాళ్ళలోనూ కదలదనుకున్నాను.

ఇక్కడి సంగతులు. పురోహితుడు రావడం లేదు. చాకలి రావడం లేదు. బుల్లెమ్మని వాళ్ళవాళ్ళు మానిపించారు, అయినా మధ్యాహ్నం పెరటి దారిన వచ్చి పోతోంది. రూతు వస్తుంది. నేను తనతో కలుస్తానేమోనని ఆశ ఇంకా ఉంది పాపం. లేదని నేను చెబుతూనే ఉన్నాను. సంపూర్ణమ్మ కూతురు బోర్లా పడుతోంది.

ఇంకొక సంగతి, నువ్వు నమ్మవు. సూరమ్మ ఇప్పుడు కష్టమైన పురుళ్ళకి నన్ను వెంటబెట్టుకుని వెళుతోంది. "మీరు వెనక కూర్చుంటే పిల్ల అదరదండి" అంటుంది. మొదట పేటలోకే. తరవాత ఊళ్ళోకి కూడా. పగలు నన్ను చూసి తలుపు మూసుకునే ఇళ్ళవాళ్ళు పెరటి గుమ్మం తీసి పెడుతున్నారు. వెళతాను, పట్టుకుంటాను, వచ్చేస్తాను. మొన్న ఒకామె దక్కలేదు. నా చేతుల్లోనే పోయింది. అప్పుడూ వదల్లేదు, ఒళ్ళు చల్లబడేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. దానికి ఫలితమేమిటని అడిగితే చెప్పలేను. చిన్నప్పుడు తెల్లవారుజామున అమ్మ పక్కన దేవుడి గదిలో కూర్చుంటే ఒక నిశ్శబ్దం ఉండేది, గుర్తుందా? ఆ నిశ్శబ్దం అక్కడ ఉంటుంది. దేవుడు లేడు గానీ అది ఉంది. నాకు అది చాలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కుండ పగిలిన చోట కాదు. నీ అరికాలు తెగిందన్న చోట. సుభద్ర పోయాక ఇదే మొదలు. బుల్లెమ్మ భయపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగలేదు, ఏడుస్తూ కూర్చున్నాను. ఆపాలనిపించలేదు. చీకటి పడ్డాక లేచి ఎసరు పెట్టుకున్నాను. కూరలో కారం ఎక్కువైంది, నాలుక మండింది.

గాయానికి పసుపూ వేపనూనె కలిపి రాస్తున్నావా? పెంకు ముక్క లోపల ఉండిపోయిందేమో వెలుతురులో చూపించుకో. నీకు చిన్నప్పటినుంచీ పుండు తొందరగా మానదు.

నువ్వు మా రేవులో దిగకూడదు, నా చేతి నీళ్ళు తాగకూడదు, నాతో మాట్లాడకూడదు. నిన్ను దిగమని అడగను. నీ నమ్మకాన్ని మళ్ళీ నొప్పించను. మా ఊరు దాటాక లాకు ఉంది. నీళ్ళు సమం అయ్యేదాకా ఏ పడవైనా తలుపుల మధ్య ఆగవలసిందే, కలెక్టరు దొరగారి పడవైనా సరే. ఆ రోజు నేను గట్టు మీద నిలబడతాను. చూడటం గురించి నీ శాస్త్రంలో ఏమైనా ఉంటే రాయి. లేకపోతే పడవ పైకి వచ్చి కూర్చో, ఎండైనా సరే. లాకు నిండటానికి చాలాసేపు పడుతుంది.

లక్ష్మీనరసమ్మ